బుడ్డోడి ఖర్చు

జైలు, మహబూబాబాద్
22 జూన్ 2025

అనితక్కా,

జైలు ముద్ర చూసి భయపడకు. ఒంట్లో బాగానే ఉంది. ఇక్కడ ఫోన్ చేసుకోనిస్తారు గానీ ఇచ్చే ఐదు నిమిషాల్లో నువ్వు ఏడవడానికి మూడు, నేను ఊరుకోబెట్టడానికి రెండు సరిపోతున్నాయి. అందుకే కాగితం అడిగి తీసుకున్నాను. పదో తరగతి తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు.

ఆరు నెలలే కదా, డిసెంబరులో బయట ఉంటాను. అప్పీలుకు ఎందుకు పోవద్దన్నావని కోర్టు మెట్ల మీద అడిగావు. డీసీఎం వ్యాను నడిపింది నేను. దాని కింద పడి చనిపోయింది ఆ స్టవ్వులు బాగుచేసే అక్తర్. రెండేళ్లు వాయిదాలకు తిరిగాను. ఇక చాలు.

ఇప్పుడు అసలు పని. నా బుడ్డోడిని నువ్వు తెచ్చుకోవాలి.

మొన్న యాడి ములాఖాత్‌కు వచ్చింది, అమ్మ ప్రాణం ఆగక. "తండ కుక్కలు దాన్ని బతకనియ్యవు బిడ్డా. నేను పత్తి గింజలు పెట్టబోతే పొద్దుమూకేదాంక తలుపెనుక దాక్కుంటది. నాకు దాన్ని జూస్తే నువ్వే యాదికొస్తవు, కూడు దిగుతలేదు" అంది. అది అటు పామేరియనూ కాదు, ఇటు ఊరకుక్కా కాదు. బొచ్చు దానిది, కాళ్లు దీనివి. అరచెయ్యంత ముఖం. తండా కుక్కల ముందు అదెంత?

ఎక్కువ తినడు. పొద్దున గ్లాసెడు పాలు, రాత్రి మనం తినేదాంట్లో పిడికెడు. కారం వద్దు. చికెన్ సెంటర్లో కాళ్లు, తలకాయలు అడిగితే ఉత్తగనే ఇస్తారు. ఖర్చు అంతా నేను బయటికి వచ్చాక సర్దుతాను.

ఒక్కటే మాట. ఎవరికీ ఇచ్చేయకు.

నీ తమ్ముడు
రాజేందర్


జనగామ
6 జూలై 2025

రాజూ,

నీ కుక్క నా ఇంటికి చేరింది. ఆదివారం తండాకు పోయి తెచ్చాను. రైలులో ఎక్కనివ్వరని ఒకరు, బస్సులో ఎక్కనివ్వరని ఇంకొకరు. చివరికి మూడు ఆటోలు మారాను. మూడో ఆటోవాడు "కుక్కకు సీటు పైసలు ఇస్తవా అక్కా" అన్నాడు. నవ్వులాటకు అనుకున్నాను. నిజంగానే తీసుకున్నాడు.

ఎక్కువ తినడని రాశావు. తమ్ముడూ, నువ్వు పెళ్లి కాని మనిషివి, నీకు కొలతలు తెలియవు. గ్లాసెడు పాలు తాగి గ్లాసు వైపు చూస్తాడు. మేము పచ్చడి మెతుకులు తిన్న రోజు కూడా ఆయనకు చికెన్ కాళ్లు ఉడకాలి. ఉత్తగనే ఇస్తారన్నావే, కిలోకు ఇంత అని తీసుకుంటున్నారు.

మీ బావ జాల్యా మొదటి రోజు కుక్కను, నన్ను మార్చి మార్చి చూశాడు. "నేను మార్కెట్ల బస్తాలు మోసి వస్తున్న. నువ్వు ఇస్కూల్ల ఆయా పని చేసి వస్తున్నవు. మనిద్దరిని చూసెటోడు లేడు గని, దీన్ని చూసుకోవాల్నా?" అన్నాడు. అన్నాడే గానీ రెండో రోజు తనే పశువుల దవాఖానకు తీసుకుపోదామన్నాడు, పిచ్చికుక్క సూది వేయించడానికి. అక్కడే వచ్చింది తంటా. మోటర్ సైకిల్ మీద ముందు కూర్చోబెట్టబోతే బుడ్డోడు వణికిపోయాడు. కాళ్లు బిగదీసుకుని, మనిషి ఏడ్చినట్టు ఏడ్చాడు. చుట్టుపక్కల వాళ్లంతా వచ్చి చూశారు. నేను ఎత్తుకుని దవాఖాన దాకా నడిచాను. సగం పూట జీతం పోయింది.

ఇంటి ఓనరు పద్మలతమ్మ ఇంకా ఏమీ అనలేదు. మెట్ల మీద బొచ్చు కనిపిస్తే మాత్రం చీపురు నా గుమ్మం ముందు పెట్టి పోతోంది.

మిర్చి యార్డులో దొరికిన కుక్క మీద ఇంత ప్రేమేంది రాజూ? నీకు కుదిరిన సంబంధం తప్పిపోయినప్పుడు కూడా ఇంత బాధపడలేదు నువ్వు.

అక్క


మహబూబాబాద్
19 జూలై 2025

అక్కా,

సూది వేయించినందుకు నీకు, బావకు దండం. ఇక్కడ నాకు వంటశాలలో పని ఇచ్చారు. రోజూ కూరగాయలు తరుగుతుంటాను.

బుడ్డోడిని బండి మీద ఎప్పుడూ ఎక్కించకండి. ముందు అసలే వద్దు. అతనికి బండి అంటే భయం. ఎందుకని అడగకు. కొన్ని కుక్కలు అంతే.

పద్మలతమ్మతో మంచిగా ఉండు. మెట్లు రోజూ నువ్వే ఊడ్చేయి.

రాజేందర్


జనగామ
10 ఆగస్టు 2025

రాజూ,

మెట్లు ఊడుస్తూనే ఉన్నాను. ఊడ్చినందువల్ల ఏమీ ఆగలేదు.

పోయిన నెల ఇరవై ఆరున పద్మలతమ్మ నీళ్ల మోటరు సంగతి చెప్పడానికి పైకి వచ్చింది. నేను లోపల ఉన్నాను. బుడ్డోడు గుమ్మంలో పడుకున్నాడు. ఆమె చీర అంచు అతని ముఖం మీద పడింది. ఉలిక్కిపడి లేచి పిక్క పట్టాడు. పెద్ద గాయం కాదు. రెండు పళ్లు దిగాయి. అతనికి సూది వేయించామని చీటీ చూపించాను. "నీ చీటీ నేనేం జేసుకోను? నాకు పిచ్చి లేస్తే నీ తమ్ముడు జైలు నుంచి వచ్చి చూస్తడా?" అంది. 

పెద్ద దవాఖానకు నేనే తీసుకుపోయాను. సూదులు అక్కడ ఉచితమే. అయితే విడతలు విడతలుగా పోవాలి. పోయిన ప్రతిసారీ ఆమెకు ఆటో, కొబ్బరి బోండాం, నాకు సగం పూట జీతం కోత. మూడోసారి స్కూల్లో మేడమ్ "ఇంకోసారి లీవంటే వేరే ఆయాను చూసుకుంటం అనితా" అని చెప్పింది. వరుసలో కూర్చున్నంత సేపూ పద్మలతమ్మ పక్కవాళ్లకు కథ చెబుతుంది. "వీళ్ల కుక్కనే. వీళ్ల తమ్ముడు మనిషిని గుద్ది జైల్ల ఉన్నడు. కుక్క గూడ గట్లనే ఉన్నది." నేను తల వంచుకుని చీటీ మడిచి విప్పుతూ కూర్చుంటాను.

ఇంతలో బుడ్డోడికి జ్వరం. మూడు రోజులు ముద్ద ముట్టలేదు. చిగుళ్లు తెల్లబడ్డాయి. వానాకాలం గోమార్లు పట్టి రక్తం తాగితే వచ్చే జ్వరమట. పశువుల దవాఖానలో ఆ మందు లేదంటే ప్రైవేటు డాక్టరు దగ్గర ఐదు రోజులు గ్లూకోజు ఎక్కించాము. హాస్టల్లో ఉన్న బిడ్డకు దుప్పటి కొందామని దాచిన పైసలు అందులో పోయాయి. బిడ్డ అడగలేదు, నేను చెప్పలేదు.

మీ బావకు, నాకు పదిహేనేళ్లలో ఇంత గొడవ కాలేదు. పద్మలతమ్మ నెలాఖరు దాకా గడువు పెట్టింది. కుక్క ఉండాలి, లేదంటే మేము ఉండాలి. జాల్యా ఒకే మాట అడిగాడు. "చెప్పు. కుక్కనా, ఇల్లా?"

రాజూ, నేను అలసిపోయాను. కోపం కూడా రావడం లేదు. లింగాలఘనపురం దగ్గర ఒక తోటవాళ్లు కుక్కను పెంచుకుంటామన్నారు. ఇచ్చేయనా? అవునని ఒక్క ముక్క రాయి.

అక్క


మహబూబాబాద్
20 ఆగస్టు 2025

అక్కా,

ఇవ్వకు. నీ కాళ్లు పట్టుకుంటాను.

ఇంకో నాలుగు నెలలే. వచ్చాక నీకు చేసిన నష్టమంతా కూలి చేసి తీరుస్తాను. బావను తిట్టమను, కొట్టమను. బుడ్డోడిని మాత్రం పరాయివాళ్ల చేతికి ఇవ్వకు. కారణం చెప్పలేను.

రాజేందర్


జనగామ
1 సెప్టెంబరు 2025

రాజూ,

బుడ్డోడు బాగున్నాడు. తింటున్నాడు. ఇంటి ఓనరు ఏమీ అనడం లేదు. మేమంతా క్షేమం. ఆరోగ్యం చూసుకో.

అనిత


మహబూబాబాద్
9 సెప్టెంబరు 2025

అక్కా,

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. ఐదు వాక్యాలే ఉన్నాయి కాబట్టి సులువే. ఎప్పుడూ 'అక్క' అని రాసేదానివి, ఈసారి 'అనిత' అని రాశావు. బుడ్డోడు ఇంట్లో లేడని నాకు అర్థమైంది. నిన్ను తప్పుపట్టను. కారణం చెప్పకుండా బరువు నెత్తిన పెట్టింది నేను. ఇప్పుడు చెబుతాను. ఈ కాగితం నీకంటే ముందు ఇక్కడి సారు చదువుతాడు. చదవనీ.

బుడ్డోడు మిర్చి యార్డులో దొరకలేదు. అతను అక్తర్ కుక్క.

అక్తర్ టీవీఎస్ బండి మీద దేవరుప్పుల, పాలకుర్తి ఊళ్లు తిరిగి స్టవ్వులు, కుక్కర్లు బాగుచేసేవాడు. పనిముట్ల సంచికి కాపలాగా ఈ కుక్కను ముందు నిలబెట్టుకుని తిరిగేవాడట. ఆ రోజు పాలకుర్తి రోడ్డు మీద మధ్యాహ్నం రెండు గంటలకు నేను ఎదురుగా వచ్చాను. రెండు రోజులుగా నిద్ర లేదు. మిర్చి సీజను, ఒక లోడు దించితే ఇంకో లోడు. కళ్లు మూతపడ్డాయి అక్కా. ఎంతసేపో తెలియదు. తెరిచేసరికి డీసీఎం రోడ్డుకు నా పక్క లేదు, వాళ్ల పక్కకు పోయింది. ముందు కుక్క తెల్లగా కనిపించింది. తర్వాత చప్పుడు.

108కు ఫోన్ చేసింది నేనే. అంబులెన్సు వచ్చేసరికి ఆయన లేడు. కుక్క ఎగిరి పత్తి చేనులో పడి బతికింది.

ఇది సగమే. బెయిలు ఇప్పించిన నాడే వకీలు "నిద్రపోయిన అని చెప్తే మునుగుతవు. కుక్క దుంకింది, వాని బండి ఊగి నీ ముందు పడ్డదను" అన్నాడు. సరే అన్నాను. కోర్టులో అక్తర్ భార్య నిఖత్‌ను బోనులో నిలబెట్టి వకీలు అడిగాడు. "కుక్కను బండి మీద ఎక్కించుకుని పోవుడు నిజమేనా?" ఆమె నిజమే అంది. "అది దుంకితే బండి కంట్రోల్ తప్పదా?" ఆమె బోను కర్రను పట్టుకుని నా వైపు చూసింది. నేను నేల చూశాను. అక్కడ రోడ్డు పక్కన ఉండే పంక్చర్ షాపు ఆయన డీసీఎం తప్పు పక్కకు వచ్చిందని సాక్ష్యం చెప్పాడు కాబట్టి శిక్ష పడింది. లేకపోతే ఆ అబద్ధంతో ఇంటికి వచ్చేవాణ్ణి.

బెయిలు మీద ఉన్నప్పుడు ఒకరోజు అటు పోతే ఆ పంక్చర్ షాపు దగ్గర ఈ కుక్క పడి ఉంది. నెల నుంచీ ఆ జాగా వదలడం లేదని చెప్పారు. ఎత్తుకొచ్చాను. దాని యజమానిని చంపింది నేను. తప్పు దాని మీద వేయడానికి ఒప్పుకుందీ నేనే. అన్నం పెట్టడం తప్ప ఇంకేం చేయాలో తెలియలేదు. తిరిగి ఇద్దామంటే ఆమె గడప తొక్కే ధైర్యం లేదు.

అప్పీలు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసిందా?

బుడ్డోడు ఎక్కడ ఉన్నాడో చెప్పక్కా.

రాజేందర్


జనగామ
28 సెప్టెంబరు 2025

రాజూ,

ఆగస్టు ఇరవై ఎనిమిదిన వదిలేశాము. చిల్పూర్ గుట్ట కింద. దేవుని దగ్గరికి వచ్చేవాళ్లు ఏదో ఒకటి పెడతారు, పస్తులుండదని మాకు మేమే చెప్పుకున్నాము. తోటవాళ్లకు ఇద్దామంటే నువ్వు వద్దన్నావు. ఉంచుకుందామంటే ఇల్లు పోతుంది. మూడో దారి అదే కనిపించింది. మీ బావ బండి నడిపాడు, నేను వెనుక కూర్చుని గోనెసంచిలో చుట్టి ఒడిలో పట్టుకున్నాను. దారంతా వణికాడు. నా చీర తడిసిపోయింది. నువ్వు బండి ఎక్కించకండి అని రాసిన ఉత్తరం అప్పుడు నా బీరువాలోనే ఉంది. దించి ఒక బిస్కెట్ పుడా విప్పి ముందు పెట్టాను. అతను తినలేదు. నా వైపే చూస్తూ కూర్చున్నాడు. వెనక్కి చూడవద్దని జాల్యా అన్నాడు. చూశాను.

నీ ఉత్తరం పద్నాలుగో తారీఖున వచ్చింది. చదివి స్కూలుకు పోలేదు. మేడమ్‌కు చెప్పనూ లేదు. చిల్పూర్ పోయాను. మెట్ల దగ్గర కొబ్బరికాయలు అమ్మే ఆమెను అడిగితే "తెల్ల బొచ్చు కుక్కనా? ఉన్నది గదా. వచ్చిన బండికల్ల పోయి వాసన చూసొస్తది. ఎవలదో పాపం, ఇడిసి పోయిన్రు. గసొంటోళ్లకు దేవుడు దర్శనమెట్ల ఇస్తడో" అంది. నేను అవునన్నాను.

బండ్లు నిలిపే చోట గోడ నీడన ఉన్నాడు. ఒక చెవి చిరిగింది. మెడ చుట్టూ గోమార్లు గింజలు పోసినట్టు ఉన్నాయి. పిలిస్తే రాలేదు. దగ్గరికి పోయి ఎత్తుకుంటే కాదనలేదు. ఆ రెండూ ఒకటి కాదు రాజూ.

మీ బావకు నీ ఉత్తరం చదివి వినిపించాను. తను ఉప్పునీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని వాకిట్లో కూర్చుని పొద్దుగూకే దాకా ఒక్కొక్క గోమారును పీకాడు. మళ్లీ డాక్టరు, మళ్లీ గ్లూకోజు. పద్మలతమ్మకు నేనే చెప్పాను, మేమే ఖాళీ చేస్తున్నామని. రైలు గేటు అవతల ఒక రేకుల గది దొరికింది. స్కూలు దూరం. వాన పడితే లోపల మాట వినిపించదు. కుక్క ఉన్నా ఆ ముసలాయనకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు నీ సంగతి. మొన్నటి ములాఖాత్‌కు కావాలనే రాలేదు. నీ ముఖం చూస్తే ఏం అంటానో అని భయపడ్డాను. గుద్దినందుకు కాదు. నిద్ర ఎవరికైనా వస్తుంది. ఒక ఆడమనిషిని బోనులో నిలబెట్టి, నీ మొగుని చావుకు నీ కుక్కే కారణమని ఆమె నోటితోనే అనిపించబోయారే, అది నా తమ్ముడు నిలబడి చూశాడు. నేను అదే కోర్టు బయట నీకోసం ఇడ్లీ పట్టుకుని కూర్చున్నాను.

పాలకుర్తి రోడ్డు మీది ఆ పంక్చర్ షాపులో అడిగాను. నిఖత్ భూపాలపల్లిలో అన్న మాజిద్ దగ్గర ఉందట. నేను పోతాను. నువ్వు చేసింది నీ చేతితో రాసి పంపు. నేను నా మాటల్లో చెప్పను.

అక్క


మహబూబాబాద్
12 అక్టోబరు 2025

అక్కా,

కాగితం వేరుగా మడిచి పెట్టాను. ఏడుసార్లు రాసి చింపాను. ఇందులో మాఫీ అని రాయలేదు. అడిగే మొహం లేదు. జరిగింది జరిగినట్టు రాశాను. నాకు నిద్ర పట్టింది, కుక్క దూకలేదు, మీ ఆయన బండి ఊగలేదు, ఆయన తన పక్కలోనే నిదానంగా వస్తున్నాడు. అంతే.

నువ్వు బుడ్డోడిని వదిలేసింది నా వల్లే. ఆ పాపం కూడా నా పద్దులోనే వేసుకో.

రాజేందర్


జనగామ
5 నవంబరు 2025

రాజూ,

పోయి వచ్చాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నీకు బాగా అనిపించేటట్టు రాయను.

హనుమకొండలో భూపాలపల్లి బస్సు ఎక్కాను. బుడ్డోడిని కూరగాయల బుట్టలో పెట్టి పైన పాత చీర కప్పాను. పరకాల దాటాక తల బయట పెట్టాడు. కండక్టరమ్మ చూసి "ఆడోళ్లకు ఫ్రీ గని కుక్కలకు ఫ్రీ లేదక్కా" అంది. నాకు జీరో టికెట్, నీ కుక్కకు పైసల టికెట్.

మాజిద్ వెల్డింగు షాపు వెనుక ఒక గది. నిఖత్ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. నలభై ఐదేళ్లు ఉంటాయేమో, కళ్ల కింద మాత్రం అరవై ఉన్నాయి. "ఎవరు గావాలె?" అంది.

"జనగామ నుంచి వచ్చిన అక్కా. డీసీఎం నడిపిన రాజేందర్‌కు అక్కను."

లేచి వచ్చి తలుపు సగం వేసింది. పూర్తిగా వేసేసేదే. బుట్టలో నుంచి సన్నటి శబ్దం వచ్చింది. మొరుగుడు కాదు, మూలుగుడు కాదు. మన ఇంట్లో ఇన్ని నెలలు అతను ఆ శబ్దం చేయలేదు. ఆమె తలుపు మీద చెయ్యి అట్లాగే ఉంచి "మోతీ?" అంది.

అతని పేరు మోతీ రాజూ. మనం బుడ్డోడు, బుడ్డోడు అని పిలుస్తుంటే పోనీలే అని వచ్చేవాడేమో. ఆ పేరు వినగానే బుట్ట తన్నేసి ఆమె కాళ్ల మీద పడ్డాడు. ఆమె గడపలోనే కూలబడింది. "జిందా హై రే తూ? నువ్వు సచ్చినవనుకున్న గదరా" అంటూ చిరిగిన చెవిని పట్టుకుని చూసింది. "ఆయిన పోయినంక నేను ఇద్దత్‌ల ఉంటి. బయటికి పోయి దేవులాడనీకె లేకపాయె. ఎవల్నడిగినా కానరాలేదన్నరు."

అప్పుడు నీ కాగితం తీశాను. ఆమెకు తెలుగు చదవడం రాదు. నేనే చదివాను. మొత్తం విని "మల్లొకసారి సదువు. నిద్ర పట్టిందని రాసిన కాడ" అంది. చదివాను. "మల్ల" అంది. మళ్లీ చదివాను. 

అప్పుడు చెప్పింది. "ఆ పొద్దు ఆయిన మోతీని ఇంటికాడ్నే ఉంచుతనన్నడు. నేనే వద్దంటి. ఇంట్ల బట్టలు పిండుకోవాలె, నమాజ్ చేసుకోవాలె, ఇది కాళ్లల్ల తిరుగుతదని. నేనే ఎత్తి బండి మీద నిలబెట్టిన. కోర్టుల మీ వకీలు అడిగినంక నాకు సమజైంది, నేనే సంపుకున్ననని. రెండేండ్ల సంది నమాజ్‌ల సజ్దాకు తల నేలకు పెడితే గదే యాదికొస్తది. మా అన్నకు చెప్పలేదు. ఎవ్వలకు చెప్పలేదు."

నేను చెయ్యి పట్టుకోబోయాను. లాక్కుంది.

"నీ తమ్ముడు గీ మాట కోర్టుల్నే చెప్తే ఏమైతుండె? గదే ఆర్నెల్లు గదా?" అంది.

నీ దగ్గర జవాబు ఉందా?

మధ్యాహ్నం మోతీకి ఆమె చేతులతో స్నానం చేయించింది. రొట్టె తుంచి పెట్టింది. ఉంచుకుంటుందేమో అనుకున్నాను. నిజం చెబితే ఆశపడ్డాను, నా బరువు దిగుతుందని. నేను లేచేటప్పుడు తనే ఎత్తి బుట్టలో పెట్టింది. "నువ్వు తెస్తే తీసుకోను. నువ్వు ఏం చెయ్యలేదు. అతను బయటికొచ్చినంక అతన్నే తెమ్మను. కాయితం గాదు, మా అన్న ముంగట నోటితోటి చెప్పాలె. గప్పటిదాంక నీ తాన్నే ఉండని" అంది.

అట్లా మళ్లీ నా దగ్గరే ఉన్నాడు. రాత్రి అన్నం ముందు పెడితే తలుపు వైపు చూస్తున్నాడు. మోతీ అని పిలిస్తే తింటున్నాడు. జాల్యా ఆ పేరును తెలుగు చేసి ముత్యం అంటున్నాడు.

వచ్చేటప్పుడు ధైర్యం తెచ్చుకుని రా.

అక్క


భూపాలపల్లి బస్టాండ్
28 డిసెంబరు 2025

అక్కా,

ఫోన్ జేబులోనే ఉంది. చేస్తే మాట రాదు. పక్కన జిరాక్సు దుకాణంలో కాగితం, కవరు కొన్నాను. ఆరు నెలల్లో అలవాటైపోయింది, నీకు చెప్పాలంటే చెయ్యే ముందు కదులుతోంది.

పది గంటలకు పోయాను. మాజిద్ షాపులోనే ఉన్నాడు. నేను ఎవరినో చెప్పగానే చేతిలో ఉన్న రాడ్డు కింద పెట్టాడు. పెట్టాడో, ఎత్తబోయి ఆగాడో తెలియదు. నిఖత్ బయటికి వచ్చి "చెప్పనియ్యి భాయ్" అంది. నాకు కుర్చీ వేయలేదు. వేసినా కూర్చునేవాణ్ణి కాదు.

చెప్పాను. నిద్ర సంగతి, వకీలు సంగతి, ఆమె బోనులో నిలబడి చూసినప్పుడు నేను నేల చూసిన సంగతి. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాను.  చివర "కుక్క దుంకలేదు. మీరు దాన్ని ఎక్కించుడుకు, ఆయన పోవుడుకు సంబంధం లేదమ్మా" అన్నాను. అప్పుడు మాజిద్ చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వు ఎక్కిచ్చినవా? గిదా నువ్వు రెండేండ్ల సంది..." అని ఆగిపోయాడు. షాపులోకి పోయి వెల్డింగు అద్దం ముఖానికి పెట్టుకుని వెనక్కి తిరిగి నిలబడ్డాడు. మంట మాత్రం వెలిగించలేదు.

మోతీ నా చేతుల్లో ఉన్నాడు. ఆమె వచ్చి వాడిని, గోమార్ల జ్వరానికి నువ్వు ఇచ్చిన గోలీల పుడాను తీసుకుంది. రెండు మూడు అడుగులు వేసి ఆగింది.

"మాఫీ చేసిన అని అనుకోకు. గది నాతోని ఎప్పుడైతదో నాకే తెల్వదు" అంది.

సరే అన్నాను. నెల నెలా వాడి తిండికి, మందులకు కూలిలో నుంచి పంపుతానని అన్నాను. తల అడ్డంగా ఊపింది. "పైసలు పంపకు. నా కుక్కను నేను సాదుకుంట. ఇగ రాకు."

నడిచాను. మోతీ మొరగలేదు, వెంట రాలేదు. రెండేళ్లు నా పక్కలో పడుకున్నాడు కదా అక్కా, ఒక్కసారి మొరుగుతాడేమో అనుకున్నాను. అది కూడా నాకు రావలసింది కాదు. బరువు దిగితే తేలికగా ఉంటుందంటారు. నాకు చేతులు చల్లబడ్డాయి, అంతే.

రోడ్డు దాకా వచ్చాను. వెనుక నుంచి "ఓ రాజేందర్" అని వినిపించింది. ఆ నోట నా పేరు వినడం అదే మొదటిసారి. తిరిగి పోయాను. తలుపు దగ్గర నిలబడి ఉంది. నువ్వు ఇచ్చిన గోలీల పుడా చేతిలో పట్టుకుని చూస్తోంది.

"గిది ఎప్పుడెప్పుడు ఎయ్యాలె?"

"పొద్దున సగం, రాత్రి సగం. రక్తం పట్టేదాంక."

"ఉత్తగ మింగుతడా?"

"మింగడు, ఉమ్మేస్తడు. రొట్టె ముక్కల చుట్టి పెట్టాలె."

"పొద్దుటిది ఎయ్యలే?"

"లేదమ్మా. బస్సుల ఎయ్యలేకపోయిన."

ఆమె లోపలికి పోయి రొట్టె ముక్క తెచ్చింది. గోలీ సగానికి విరిచి అందులో చుట్టింది. మోతీ నోట్లో పెట్టి, మింగేదాకా గొంతు కింద వేలితో నిమిరింది. మింగాడు. నా వైపు చూసి తల ఊపింది. తలుపు మెల్లగా వేసుకుంది.

తమ్ముడు
రాజేందర్